బాలప్ప చూపిన బోర్లు

పుంగనూరు బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్. 2008 ఎండాకాలం. అరచేతిలో టెంకాయ పెట్టుకొని బోర్లకు చోటు చూపించే బాలప్ప, అంగళ్లులో ఇంజనీరింగ్ చదివే అతని కూతురు తేజస్విని ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

“ఏండ్లుగా నాకుండే అనుమానమే ఇది. ఆ ముద్దుకృష్ణ నా పేరు చెడగొట్టాలనే సూస్తాండాడు.”

“ముద్దుకృష్ణ మామకు కంప్యూటర్ ఆన్ చేసేది కూడా రాదు నాయనా.”

“వానికి రాకపోతే వాని కొడుక్కొస్తాది. వేపపుల్ల పట్టుకొని తిరుగుతాడే గానీ, వాడు సూపిన చోట ఒక్క చుక్కన్నా పడిందా? ఆ కడుపుమంట వానికి. ఏదీ, నా పేరు యాడుండాదో సూపించు.”

“దీన్ని ఆర్కుట్ అంటారు. ‘మన బోరు నీళ్లు’ అని ఇదొక గుంపు. ఇదో, చౌడేపల్లె మహేష్ రాసిండాడు. ‘మాది బాలప్ప సామి చూపిన బోరు, ఐదొందల అడుగులు, మా తమ్ముని నోట్లో పండ్లకు చారలుండాయి’ అని.”

“ఇంగ?”

“వెంకటగిరికోట నుంచి అర్చన. ఆ పాప కూడా అదే...”

“అందరూ బాలప్ప, బాలప్ప! ఇంతమందికి ఒక్కసారే నేను గుర్తొస్తినా? ఎవురో నేర్పించి రాయిస్తాండారు.”

“నేర్పించేదేముండాది? మన పక్క ఊర్లల్లో ఏ బోరుకైనా నీ పేరే కదా చెప్పేది. ఏ బోరు అని డాక్టరమ్మ అడిగింది, వాళ్లు చెప్పినారు.”

“యా డాక్టరమ్మ?”

“కుప్పంలో ఉండాది. ఏ నీళ్లు తాగితే పిల్లోళ్ల పండ్లు గోధుమరంగు తిరుగుతాండాయో పరిశోధన చేస్తాండాది. ఊర్లకొచ్చి అడిగితే ఎవురూ నోరు తెరవలేదంట. అందుకే ఈడ అడుగుతాండాది.”

“ఆయమ్మ ఫొటో ఏదీ?”

“అదే.”

“అది మందారం పువ్వు కదమ్మే!”

“ఆడోళ్లు ఈడ సొంత ఫొటో పెట్టరు నాయనా. నేనూ చిలకబొమ్మే పెట్టుకున్నా.”

“తన మొగం సూపించనామెకు మన బిడ్డల నోర్లు సూపించాల్నా? రేపు నీళ్ల క్యాన్లు అమ్మేదానికి ఆటో ఏసుకొనొస్తారు, సూస్తాండు.”

“ఏమీ అమ్మదు. నేను ఫోన్లో మాట్లాడినా.”

“నువ్వు యాల మాట్లాడినావు?”

“ఊరికే.”

“ఊరికేనా? సరే, కిందికి పో. ఆ ఫొటో ఏంది, ఒట్టి నోరే ఉండాది?”

“ఎవురో పిల్ల. చారలు బాగా కనపడాలని అంతవరకే తీసినట్టుండారు.”

“అయ్యో, తుప్పు పట్టిన రేకు మాదిరుండాయే! ఎవురి బిడ్డ?”

“పేరు లేదు కదా.”

“బోరూ రాయలేదే. మిగతావాళ్లంతా రాసినారు?”

“రాయలేదు, అంతే. టైమైపోయింది, పోదాం పద నాయనా.”

“ఉండమ్మా. తలకు పోసుకొని, సామికి దండం పెట్టుకొని గానీ నేను టెంకాయ ముట్టింది లేదు. తాంబూలం తప్ప ఏమీ తీసుకోలేదు. సామి సూపించిన నీళ్లు బిడ్డల్ని ఇట్ల చేస్తాయా?”

“లోతుకు పోయేకొద్దీ రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తాదంట. టెంకాయకు నీళ్లుండేది తెలుస్తాది, అంతే కదా.”

“నీళ్లల్లో ఏముండాదో దానికి తెలీదు. నాకూ తెలీదు.”

“నిన్నెవురూ తప్పు పట్టలేదు నాయనా. ఏ బోర్లో ఎంతుండాదో తెలిస్తే ఆ నీళ్లు చేనికి వాడుకోవచ్చు, బిడ్డలకు వేరే నీళ్లు పట్టొచ్చు.”

“అదంతా నా పేరు మిందనే జరగాల్నా? రేపు నన్ను ఎవురన్నా గడప తొక్కనిస్తారా? తీసెయ్యమని రాయి. అన్నీ. ఆ పిల్ల ఫొటో కూడా. పాపం, నలుగురిలో ఎట్ల నవ్వుతాదో ఏమో.”

“నవ్వదు.”

“నీకెట్ల తెలుసు?”

“నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాది.”

“తేజూ... నా ముందర కూడా నువ్వు అట్లనే నవ్వుతావు కదమ్మా. ఆడబిడ్డ సిగ్గనుకుంటి.”

“నీ పేరు పోతాదనే బోరు రాయలేదు నాయనా. అన్నీ తీసెయ్యమని ఇప్పుడే రాస్తా. జరుగు.”

“తీసెయ్యొద్దు. ఆ ఫొటో కిందనే రాయి. బోరు సూపించింది బాలప్ప, బిడ్డ కూడా బాలప్పదే అని.”