అసలు సిసలు ముంత

నా పూర్తి పేరు, ఇంటి చిరునామా మొదటి కాగితంలో రాయించాను. వయసు నలభై ఒకటి. మ్యూజియంలో ఆన్‌లైన్ కార్యక్రమాలు చూసుకుంటాను. పదకొండేళ్లుగా అక్కడే ఉద్యోగం. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ లైవక్కనే. ఈరోజు గురువారం ఉదయం 9.20కి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. నన్నెవరూ పిలిపించలేదు. ఇన్‌స్పెక్టర్ గారు అడుగుతున్నారు, నేను చెబుతున్నాను, రైటర్ గారు రాస్తున్నారు.

మ్యూజియం రెండో హాలులో నాలుగో అద్దాల పెట్టెలో ఉండే మట్టి ముంత గురించి ఈ కేసు. ముంత పోయిందని మా డైరెక్టర్ గారు మంగళవారం ఫిర్యాదు ఇచ్చారు. ముంతను ఎవరూ దొంగిలించలేదు. నేను పగలగొట్టాను. ముక్కలు ఈ టిఫిన్ డబ్బాలో ఉన్నాయి. పదకొండు ముక్కలు.

ప్రతి బుధవారం పదకొండు గంటలకు నేను లైవ్ చేస్తాను. కెమెరా పట్టుకుని హాలు హాలూ తిరుగుతూ ఒక్కో వస్తువునూ చూపిస్తాను. బడుల్లో తరగతి గది తెర మీద పిల్లలు చూస్తారు. ఇల్లు కదల్లేనివాళ్లు మంచం మీంచి చూస్తారు. చూస్తూనే ప్రశ్నలు రాస్తారు, నేను చదివి జవాబు చెబుతాను. నాలుగేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు చూసినవాళ్లు ముగ్గురు. అందులో ఒకరు మా ఆయన.

ఆ ముంతను అందరికీ దగ్గర చేసింది నేనే. ఆ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. హాలులో నిలబడి చూస్తే అది గుప్పెడంత మట్టి పాత్ర, జనం ఆగకుండా వెళ్లిపోయేవారు. దాని మెడ దగ్గర, చేసిన కుమ్మరి బొటనవేలి ముద్ర ఉంది. తడి మట్టి మీద నొక్కుకుపోయి అలాగే కాలింది. కొత్త కెమెరా కావాలని డైరెక్టర్ గారి ప్రాణం తోడేసి తెప్పించి, ఆ ముద్రను తెర నిండా చూపించాను. ఎప్పటిదో ఆ మనిషి వేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పిల్లలు తెర మీద తమ వేలు పెట్టి కొలుచుకునేవారు. "అక్కా, ఇది అసలేనా?" అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. "అసలు సిసలే" అంటాను. అది నా ఊతపదం అయిపోయింది.

మా దగ్గర ఒక నియమం ఉంది. పెట్టె తెరిచినప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు వస్తువు పట్టుకుంటారు. రెండో మనిషి దాని కింద రెండు అరచేతులూ చాపి నిలబడాలి. వస్తువు పెట్టెలోంచి బల్ల మీదికి వెళ్లేదాకా ఆ చేతులు దాని కిందే నడవాలి. రెండో హాలులో ఆ రెండో మనిషి ఎప్పుడూ పిన్నే. ఆమె హాలు కాపలా చూస్తుంది, వయసు యాభై ఎనిమిది. నాకు చుట్టం కాదు, మ్యూజియంలో అందరికీ పిన్నే. పెట్టెల తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి.

మూడు వారాల కిందటి బుధవారం 10.30కి పిన్నికి ఫోన్ వచ్చింది. ఆమె భర్తకు కళ్లకు ఆపరేషన్ అవుతోంది, ఆసుపత్రి నుంచి. హాలులో సిగ్నల్ నిలవదు, లైవ్ కూడా వైఫై మీదే చేస్తాం. ఆమె బయటికి వెళుతుంటే తాళంచెవి అడిగాను.

"నేనొచ్చేదాకా ఆగరాదూ?" అంది.

"లైవ్‌కి టైమైపోతోంది పిన్నీ, సర్దుకోవాలి."

"సరే, నువ్వేగా" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఈ ఒక్క మాట రాయకుండా వదిలేయమని ఇన్‌స్పెక్టర్ గారిని అడిగాను. తాళంచెవి నేనే దొంగతనంగా తీసుకున్నానని రాయమన్నాను. "ఏమ్మా, అబద్ధం ఒకటి మానడానికొచ్చి ఇంకోటి రాయిస్తావా?" అన్నారు. కాబట్టి రాస్తున్నారు. ఆమె ఇచ్చింది, నేను అడిగితేనే ఇచ్చింది.

10.42కి పెట్టె తెరిచాను. ముంతను కుడిచేత్తో తీశాను. లైటు తీగ కాలికి తగులుకుని తూలాను, ముంత జారింది అని ముందు చెప్పాను. అది కొట్టివేయమని కోరుతున్నాను. తీగ తగల్లేదు. నా ఎడమచేతిలో ఫోన్ ఉంది. లైవ్ మొదలు కాకముందే ఎంతమంది వచ్చి ఎదురుచూస్తున్నారో అందులో కనిపిస్తుంది. నాలుగు వందల పన్నెండు. అంతమంది ఎప్పుడూ రాలేదు. ఆ అంకె చూస్తున్నాను. ముంత జారిన సంగతి శబ్దం అయ్యాకే నాకు తెలిసింది.

పెద్ద శబ్దం కూడా కాలేదు. కింద అరచేతులు లేవు, అంతే.

పద్దెనిమిది నిమిషాలు ఉన్నాయి. డైరెక్టర్ గారి గది పై అంతస్తులోనే. వెళ్లి చెప్పాలంటే పదకొండు మెట్లు ఎక్కితే చాలు. నేను వెళ్లలేదు. టిఫిన్ డబ్బాలోని తిండి చెత్తబుట్టలో పోసి, ముక్కలన్నీ ఏరి దూదిలో చుట్టి అందులో పెట్టాను. పొడి కూడా చీపురుతో ఎత్తాను. చూపు లేనివాళ్లు తాకి తెలుసుకోవడానికి మా దగ్గర ఒక పెట్టె ఉంది. అందులో ఈ ముంతకు నకలు ఒకటి ఉంటుంది. వెబ్‌సైట్‌లో వేలితో తిప్పి చూడటానికి ముంతను అన్ని వైపుల నుంచీ స్కాన్ చేశాం. ఆ స్కాన్ నుంచే మెషీన్ మీద ప్లాస్టిక్‌ను పొరపొరగా పోయించి, రంగు వేయించిన నకలు అది. స్కాన్ చేయించింది నేనే, రంగు దగ్గరుండి కలిపించిందీ నేనే. దాన్ని తెచ్చి అసలు చోట పెట్టాను.

పిన్ని 10.58కి వచ్చింది. "ఆపరేషన్ బాగా జరిగిందట" అంది. ఆ తర్వాత తెరిచి ఉన్న పెట్టె వైపు చూసి, "ఒక్కదానివే తీశావా? నా చేతులు లేకుండానే?" అని నవ్వింది.

"ఏం కాలేదు పిన్నీ" అన్నాను. తాళంచెవి ఇచ్చేశాను.

పదకొండుకు లైవ్ మొదలైంది. ఒక తరగతి పిల్లలు "ముంత అడుగు చూపించండక్కా" అని రాశారు. మా నకళ్లన్నిటికీ అడుగున 'న' అనే అక్షరం చెక్కి ఉంటుంది, అసలుతో కలిసిపోకుండా. అడుగు చూపించలేదు. "ఇంకో వారం చూద్దాం నాన్నా" అన్నాను. ఎవరో అడిగారు, అసలేనా అని. అసలు సిసలే అన్నాను. గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ భయంగా ఉంది. ఆ మధ్యాహ్నం 12.40కి నకలును సంచిలో దాచుకుని బాత్రూంలోకి తీసుకెళ్లి, గోళ్లు అరగదీసుకునే ఆకురాయితో ఆ 'న'ను గీకేశాను. ఎవరూ చూడకుండా మళ్లీ పెట్టెలో పెట్టాను. శుభ్రం చేయాలని చెప్పి ఆ రెండోసారి కూడా తాళంచెవి పిన్ని దగ్గరే తీసుకున్నాను. ఆమె అప్పుడు భోజనం చేస్తోంది.

ముక్కల డబ్బా ఆఫీసులో వదిలే ధైర్యం లేక సంచి అడుగున రోజూ ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తెచ్చేదాన్ని, అన్నానికి వేరే డబ్బా పెట్టించుకున్నాను. "ఏంటే, డబ్బా వెళ్లినట్టే తిరిగొస్తోంది, మ్యూజియంలో పెట్టుకుంటావా ఏంటి నా వంట?" అన్నారు మా ఆయన. మా ఇంట్లో వంట ఆయనదే. నవ్వాను. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఇది కేసుకు అక్కర్లేదని రైటర్ గారు అన్నారు. అయినా రాయమని అడిగాను.

రెండో బుధవారం కూడా చేశాను. అప్పుడూ అసలు సిసలే అన్నాను.

మూడో బుధవారం, అంటే నిన్నటికి సరిగ్గా వారం ముందు, 11.17కి ఒక వ్యాఖ్య వచ్చింది. రాసినావిడ ఇంట్లో కుట్టుపని చేస్తుంది. రెండేళ్లుగా నడవలేదు. మా మ్యూజియం గడప ఎప్పుడూ తొక్కలేదు. ఒక్క లైవ్ కూడా మానలేదు. మేమంతా కుట్టుమిషను అత్తయ్య అంటాం. "మీ బుధవారం కోసం మంగళవారమే జాకెట్లన్నీ కుట్టి పడేస్తా" అని ఒకసారి రాసింది. ఆ రోజు రాసిన మాట ఇది: "అమ్మాయ్, ఆ వేలి గీతలు మునుపు చేతికుట్టులా ఉండేవి. ఈమధ్య మిషను కుట్టులా వరసగా ఉన్నాయి. వేరే ముంత పెట్టావా?"

పొరపొరగా పోసిన నకలు అది. గీతల్లో సన్నని మెట్లు ఉంటాయి. తెర నిండా పెద్దది చేసి చూపిస్తే తెలుస్తుంది. అంత పెద్దది చేసి చూపించే కెమెరా తెప్పించింది నేను. చూడటం నేర్పిందీ నేనే.

ఆ వ్యాఖ్య తొలగించాను. తొలగిస్తే మళ్లీ రాస్తుందని ఆవిడను లైవ్ చూడకుండా ఆపేశాను. ఒక్క మీట చాలు అందుకు. ఆవిడ తెర మీద 'ఈ కార్యక్రమం చూడటానికి మీకు అనుమతి లేదు' అని వచ్చి ఉంటుంది. ఆ వాక్యం కూడా నేను రాసిందే. తర్వాత ఇంకెవరో అసలేనా అని అడిగారు. అసలు సిసలే అన్నాను. అది మూడోసారి.

ఆవిడ డైరెక్టర్ గారికి ఉత్తరం రాసింది. సోమవారం అందింది. నా మీద ఫిర్యాదు కాదు. "నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలీదు, మళ్లీ చూడనివ్వండి" అని రాస్తూ, చివర్లో వేలి గీతల సంగతి రాసింది. డైరెక్టర్ గారు పెట్టె తెరిపించి ముంతను చేతిలోకి తీసుకున్నారు. బరువు లేదు. తాకి చూసే పెట్టెలో నకలు లేదు. తాళాలు పిన్నివి.

మంగళవారం, బుధవారం పిన్నిని ఈ స్టేషన్‌లోనే అడిగారు. తాళంచెవి తన దగ్గర్నుంచి కదల్లేదని ఆమె చెప్పింది. నిన్న ఉదయం ఆమె ఇల్లు వెతికారు. వంటగది డబ్బాలన్నీ నేల మీద కుమ్మరించారట. ఆమె భర్త కళ్లకు ఇంకా విప్పని కట్టుతో కుర్చీలో కూర్చుని "ఎవరొచ్చారే, ఎవరొచ్చారే?" అని అడుగుతూనే ఉన్నాడట. మా క్యాంటీన్‌లో చెప్పుకుంటుంటే విన్నాను. నా చేతిలో టీ ఉంది, తాగేశాను. నిన్నటి లైవ్ రద్దు చేశారు.

నిన్న సాయంత్రం ఆరు గంటలకు పిన్ని నాకు ఫోన్ చేసింది.

"నీకు తాళం ఇచ్చిన సంగతి చెప్పలేదులే అమ్మాయ్. నువ్వు చెయ్యవని నాకు తెలుసు, ఊరికే నిన్నెందుకు తిప్పాలి స్టేషన్ చుట్టూ? నువ్వూ ఎక్కడా అనమాక."

సరే పిన్నీ అన్నాను. పదకొండేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. సరే పిన్నీ అన్నాను, ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత మా ఆయనకు డబ్బా తెరిచి చూపించాను. ఆయన దూది మళ్లీ కప్పి మూత పెట్టారు. "పొద్దున్నే వెళ్లు. నేను రానా?" అన్నారు. వద్దన్నాను.

ఈరోజు 10.35కి ముక్కల గుర్తింపు కోసం పిన్నిని లోపలికి పిలిచారు. నన్ను చూసింది, బల్ల మీద డబ్బా చూసింది. ఇన్‌స్పెక్టర్ గారు దూది విప్పి, వేలి ముద్ర ఉన్న ముక్కను పైకి తీశారు. ముద్ర చెక్కుచెదరలేదు. ఎవరూ చెప్పకుండానే పిన్ని బల్ల దగ్గరికి వచ్చి, ఆయన చేతి కింద రెండు అరచేతులూ చాపి నిలబడింది.

"మెల్లిగా సార్" అంది. ముక్క మళ్లీ దూదిలోకి వెళ్లేదాకా ఆ చేతులు తీయలేదు. నా వైపు మళ్లీ చూడలేదు.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. కొట్టివేయమన్న చోట కొట్టివేశారు, వదిలేయమన్న చోట వదల్లేదు. ఇందులో ఉన్నదంతా జరిగింది జరిగినట్టే. ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి, కింద సంతకం చేసి, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(సంతకం)
(ఎడమ బొటనవేలి ముద్ర)
గురువారం, ఉదయం 11.00