లీవెన్ తల మీద ఎర్ర శిలువ

బ్రూజ్ పట్నంలో చిత్రకారుడి పనిశాల. చర్చికి వెళ్ళాల్సిన చెక్క పలక మీద, మేరీమాత పాదాల దగ్గర ఒక కుటుంబమంతా మోకరిల్లి ఉంది. ఆ ఇంటి ఇల్లాలు బొమ్మ చూడ్డానికి వచ్చింది.

“మా అబ్బాయి లీవెన్ తల మీద ఈ ఎర్ర శిలువేంటయ్యా?”

“పోయినవాళ్ళకి వేస్తాం కదమ్మా. మీ పసివాళ్ళిద్దరికీ వేశాను.”

“వాళ్ళని పాతిపెట్టినప్పుడు నేనున్నాను. వీణ్ణి ఎవరు పాతిపెట్టారు?”

“బాబు ఎక్కి లిస్బన్ వెళ్ళిన ఓడ మూడేళ్ళయినా తిరిగి రాలేదు. మీ ఆయనే వేయమన్నారు.”

“ఆయనకి ఎదురుచూసే ఓపిక అయిపోయింది. నాకు అవలేదు. తుడిచెయ్యి.”

“శిలువ చూస్తే జనం బాబు ఆత్మ కోసం ప్రార్థిస్తారమ్మా. మంచిదే కదా?”

“మరి క్షేమంగా ఇంటికి రావాలని ఎవరు ప్రార్థిస్తారు? రంగు తడిగానే ఉంది. ఆ గుడ్డ ఇటివ్వు.”

“చెయ్యి తియ్యండమ్మా! మొహం చెదిరిపోతుంది. రేపే పాదిరిగారు పలక తీసుకెళ్ళేది. మీ ఆయనకేం చెప్పుకోను?”

“సరే, తుడవద్దు. కుంచె తీసుకో. నా తల మీద కూడా ఒకటి వెయ్యి.”

“అవేం మాటలమ్మా! బతికున్న మనిషికి శిలువ ఎలా వేస్తాను?”

“వచ్చిన దగ్గర్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదేనయ్యా.”