నుదుటి రేకు మీద వెండి అక్షరాలు

అధ్యక్షులు, మా డైరెక్టర్ బెర్దిబెక్ గారికి, ముందు వరసలో కూర్చున్న సెయిత్కేరీ పెద్దయ్యకు, ఈ నడి వేసవిలో జరీ అంగీ కప్పి నాకు గౌరవంతో పాటు చెమటలూ పట్టించిన మ్యూజియం మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న ఈ కుల్జమీలాకు ఓపిక ఎక్కువని అందరూ పొగిడారు. నా ఓపికంతా తుప్పుతోనే, మనుషులతో కాదు. పని మాత్రం బాగా చేశాను, ఆ సంగతి నాకూ తెలుసు. ఒక్క శిరస్త్రాణం గురించి చెప్పి దిగిపోతాను.

తలకు పెట్టుకునేది పరాయివాళ్లకిస్తే ఇంటి అదృష్టం దాని వెంటే పోతుందని మన పట్టింపు. అయినా పెద్దయ్య ఇంటిల్లిపాదితో పోట్లాడి, తన ఏడో తరం తాత మన కజక్ తెగల పాత శత్రువులైన ఒయిరాత్‌లతో యుద్ధంలో పెట్టుకున్న శిరస్త్రాణాన్ని తుప్పు తినేస్తోందని మాకు తెచ్చిచ్చారు. కొన మీద ఈకల కుచ్చు గుచ్చే గొట్టం, చుట్టూ వెండి లతలు. తుప్పు తీస్తుంటే నుదుటి రేకు మీద వెండి అక్షరాలు బయటపడ్డాయి. చూస్తే, ఒయిరాత్‌ల బౌద్ధ ప్రార్థన. అప్పటి డైరెక్టర్ "గోడవైపు తిప్పెయ్యమ్మా, ఎవరికి నష్టం?" అన్నారు.

నేను తిప్పలేదు. పెద్దయ్య ఇంటికే వెళ్లి చెప్పాను.

"అయితే మా తాత శత్రువు టోపీ పెట్టుకుని తిరిగాడంటావా అమ్మాయ్?"

"నేను కాదు పెద్దయ్యా, అక్షరాలు అంటున్నాయి."

ఆయన నా గిన్నెలో అంచు దాకా టీ పోశారు. కొంచెం కొంచెం పోస్తే కూర్చోమని, నిండా పోస్తే లేవమని మనలో ఎవరికి తెలియదు? తాగి లేచాను. దారంతా ఏడ్చాను. మ్యూజియంలో అక్షరాలు మాత్రం గుమ్మం వైపే ఉంచాను.

చాలా ఏళ్లకు, మొన్న చలికాలంలో ఆయనే వచ్చారు. మన ఆచారం ప్రకారం ఏడు తరాల తాతల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషిని, నోటి దురుసున్న చిన్నకోడలు "తాతలు సరే మావయ్యా, ఆ ఏడో తాత పెళ్లాం ఎవరు?" అని అడిగిందట. ఆయనకు తెలియలేదు. వాళ్ల అక్కగారిని అడిగితే ఆవిడ నవ్వి, "పేరెవడికి గుర్తుందిరా? ఒయిరాత్ పిల్ల. కోపమొస్తే అమ్మ నిన్ను ఒయిరాత్ దాని మనవడా అని తిట్టేది, మరిచిపోయావా?" అందట.

తన టోపీని ఎవరూ శత్రువు చేతికివ్వరు. అల్లుడికైతే ఇస్తారేమో. మామగారే ఇచ్చారనడానికి సాక్ష్యం లేదు గనక శిరస్త్రాణం పక్కన పెట్టే చీటీ మీద రాయనన్నాను. "రాయకపోతే మానెయ్, నాకు తెలుసు" అన్నారు పెద్దయ్య. (నవ్వులు) అందుకే ఇప్పుడక్కడ ఇంతే ఉంది: ఒయిరాత్ కమ్మరి పని, కజక్ ఇంటి సొత్తు.

బెర్దిబెక్ గారూ, నేను వెళ్లాక దాన్ని గోడవైపు తిప్పమని ఎవరో ఒకరు మీకు చెబుతారు. తిప్పారో, మిమ్మల్ని టీకి పిలిచి గిన్నె నిండా పోస్తాను. (నవ్వులు)

ఇందాక సభకు ముందు పెద్దయ్య తన చేత్తో నాకు టీ పోశారు. గిన్నె అడుగున రెండు గుక్కలే.



ఆయన ఉండమన్నారు. ఆఫీసే అంచు దాకా పోసింది. వచ్చినందుకు, విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.