పన్నెండు టైల్స్ హాలు

"మీ మేడకి ఓడ మెట్లెందుకు ఆశీర్వాదం తాతా?" అని అడిగావు చూడు, అది ఈ జంగ్లీఘాట్‌లో అందరూ నా వెనకాల వేసుకునే ప్రశ్నే. ముఖం మీద అడిగింది నువ్వొక్కదానివే బ్లెస్సీ. పైగా ఎదురింటి దానియేలు మనవరాలివి! ఫోను ఆ గోడమీద పెట్టు. రికార్డవుతోందా? అవనీ. మీ తాతకి వినిపిస్తావని తెలుసు, వినిపించు. ఒక్క అబద్ధం చెప్పినా ఆ మెట్లమీంచి... వద్దులే, ఆ మెట్లమీద ఒట్లు పెట్టుకోకూడదు.

నీకు గుర్తుండాలి, శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది. చిన్నప్పుడు మా చాపమీదే నిద్రపోయేదానివి. మా నాన్న కట్టిన చెక్కిల్లు కదా ఇది, పడౌక్ చెక్క. అప్పట్లో ఆ చెక్క సిమెంటు కంటే చవక. ఈ దీవికి సిమెంటు ఓడలో రావాలి, చెక్క కొండమీద ఉండేది. ఇప్పుడు పడౌక్ కుర్చీ కొనాలంటేనే... సరే, ఏం చెప్తున్నాను? ఆఁ, కూడిక. రేకుల కప్పు మీద వాన పడితే ప్రార్థన దేవుడికి తప్ప ఎవరికీ వినపడేది కాదు. అయినా ఇరవై ఏళ్ళు అందరూ మా వరండాకే వచ్చారు. మీ సువార్త మామ్మ పాట ఎత్తుకుంటే, నా భార్య అని కాదుగానీ, కింద రేవులో చేపలు దింపేవాళ్ళు కూడా గంప పక్కన పెట్టి వినేవారు. రెండు చరణాలు ఆవిడవి. మూడోది మగగొంతు అందుకోవాలి, అంటే నేను. అలాగని రూలు. పెట్టిందీ నేనే.

అప్పుడు మీ తాత మేడమీద హాలు కట్టాడు. కట్టుకోనీ, నాకేటి? మొదటి శుక్రవారం పిలిస్తే వెళ్ళాను. వెడల్పాటి మెట్లు, పట్టుకోడానికి పిడి, నాలుగు ఫ్యాన్లు. చెప్పులు పెట్టుకోడానికి స్టాండు కూడా చేయించాడమ్మా! ఆ స్టాండు చూస్తేనే నా కడుపు మండింది. పాస్టరు అయ్యగారు లేచి, "ఇంత గాలీ వెలుతురూ ఉన్న చోటు దేవుడు మనకిచ్చాడు, ఇకనించి కూడిక ఇక్కడే" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అనకపోతే బాగోదు కదా.

తర్వాత దీర్ఘ ప్రార్థన. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేనూ తల వంచాను, కళ్ళు మాత్రం కొంచెం... నేలమీద రెండేసి అడుగుల టైల్స్ ఉన్నాయి. అటు లెక్కపెట్టాను, పదకొండు. ఇటు ఏడు. మధ్యలో పెద్దావిడ రూతమ్మగారు కూచుంటే ఆవిడ కిందివి అంచనా వేశాను. ఆమెన్ అనేసరికి లెక్క తేలిపోయింది.

మీ హాలు కట్టిన కాంట్రాక్టరు శ్రీనునే పిలిచాను. మన టెక్కలి వైపు వాడు, మాట పంచదార. "అటు పన్నెండు, ఇటు ఎనిమిది" అన్నాను.

"ఏటి అంకుల్, పన్నెండు?"

"టైల్స్. దానియేలుది పదకొండు, ఏడు."

వాడు నవ్వలేదు. అక్కడే నేను మోసపోయాను. "హో జాయేగా అంకుల్, అయిపోద్ది" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు హాడో రేవులో ఓడ సరుకు కొలిచి దింపించిన మనిషిని నేను! "మరి మెట్లెక్కడ?" అని అడగాలా వద్దా? అడగలేదు. ఆ సమయానికి నా బుర్రలో ఉన్నవన్నీ టైల్సే.

చెక్కింటి రేకులు తీసేసి, చుట్టూ సిమెంటు స్తంభాలు లేపి స్లాబు పోశాడు, డిగ్లీపూర్‌లో ఇంకో పని ఉందని పోయాడు. వానాకాలమంతా పోయాడు. ఫోన్ చేస్తే, "నెట్‌వర్క్ లేదు అంకుల్!" అని మాత్రం బ్రహ్మాండంగా వినపడేది. ఊచలు తుప్పు పట్టాయి, గోడలు ఉప్పు కక్కాయి. చివరికొచ్చి హాలు పూర్తిచేశాడు, కొలత తప్పలేదు. కానీ ఆ అదనపు వరస కోసం స్లాబు ప్రహరీదాకా పోయింది, మెట్లకి జానెడు చోటు మిగల్లేదు. పొద్దున లేచి చూస్తే ఈ నిచ్చెన! ఓడలో ఇంజిన్ రూములోకి దిగేది ఉంటుందే, అచ్చం అదే.

"ఇదేట్రా?" అంటే, "షిప్పుల్లో ఎక్కట్లేదా అంకుల్ జనాలు? చోటు లేదని నాకు ముందే తెలుసు, మీరు సంతోషంగా ఉన్నారని చెప్పలేదు" అన్నాడు.

అయినా కూడికకి అందర్నీ పిలిచాను చూడు, అదీ నా తెలివి. ముందు రూతమ్మగారు ఎక్కారు. అయిదో మెట్టుమీద ఆగిపోయి, "నాయనా ఆశీర్వాదం, నేను పరలోకానికి ఇంకా సిద్ధంగా లేను" అన్నారు. పైకి రారు, కిందకి దిగరు. మీ తాతే కింద నించుని మడమ పట్టుకుని, "ఎడమ కాలు దీదీ, ఇప్పుడు కుడి" అంటూ దింపాడు. దింపి, అందర్నీ మీ ఇంటికి తీసుకుపోయాడు. మీ సువార్త మామ్మ, ఆవిడ మోకాళ్ళ నొప్పులు తెలుసుగా, మొదటి మెట్టుమీద చెయ్యి వేసింది, తీసేసింది. వాళ్ళతో వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా ఆ హాలు చూడలేదావిడ.

నేను మీ ఇంటికి రావడం మానేశాను. శుక్రవారమొస్తే పైకెక్కి ఒక్కణ్ణే కూచుంటాను. మీ సువార్త మామ్మ గొంతు మీ కిటికీలోంచి వస్తుంది. మూడో చరణం మీ తాత అందుకుంటాడు. ఆ శ్రుతికి నాకు ఒళ్ళు మండేది. కాదు, శ్రుతి బాగానే ఉంటుంది. అందుకే మండేది.

మొన్న శుక్రవారం ఆవిడ రెండో చరణం ముగించింది. ఎవరూ అందుకోలేదు. మీ తాత ఊళ్ళో లేడనుకున్నాను. ఆవిడ రెండోది మళ్ళీ పాడింది, మళ్ళీ అంతే. ఆవిడ గొంతు అలా గాల్లో వేలాడుతుంటే ఎలా ఊరుకుంటాను పిల్లా? కిటికీ దగ్గరికెళ్ళి అందుకున్నాను, గట్టిగా. చరణమంతా పాడి తలెత్తితే, ఎదురుగా మీ కిటికీలో మీ తాత. నోరు మూసుకుని, చేతులు కట్టుకుని నించున్నాడు. మొదట్నించీ అక్కడే ఉన్నాడు.

చూశావా? మంచితనంలోనూ నన్ను దాటిపోయాడు. హాలంటే ఒక వరస ఎక్కువ వేసి కట్టాను, దీనికి నన్నేం కట్టమంటావు?

సరే, చీకటి పడుతోంది, ఇంటికి పో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నీ కాళ్ళూ గొంతూ ఎప్పుడూ గట్టిగా ఉండాలి తల్లీ. ఎల్లుండి శుక్రవారం నేనొస్తానని ఎవరికీ చెప్పకు. ఒకవేళ వస్తే మాత్రం, నా కుర్చీ మీ తాత కుర్చీ పక్కన వెయ్యి. పక్కన అంటే... కొంచెం ముందుకి. కొంచెమే, ఎవరికీ తెలీనంత...