పసుపుకొమ్ముతో ఎక్స్‌రే

ఎక్స్‌రే తీసే డిప్లొమా చదువుతున్న మనవరాలికి తెల్లవారితే ప్రాక్టికల్ పరీక్ష. నల్గొండలోని కిరాయి ఇంట్లో ఆమె గోడనే యంత్రంగా భావించి, అవ్వను దాని ముందు రోగిగా నిలబెట్టింది.

“అవ్వా, పుస్తెలతాడు తియ్యి.”

“తియ్య.”

“పోయిన పరీక్షల గూడ ఒకామె గిట్లనే అన్నది. పుస్తెలు ఛాతి మీద తెల్లగ పడతయని ఎంత చెప్పినా వినలే. నన్ను ఫెయిల్ చేసిండ్రు.”

“నీ ఫొటో ఫికర్ నువ్వు చెప్పినవు. ఆమె ఫికర్ అడిగినవా?”

“లే. నీకేం ఫికరవ్వా?”

“మెడ బోసిగుంటే మీ తాతకేమన్నయితదని.”

“మరి తాడు తెగి కంసాలికిచ్చిన నాడు ఏం జేసినవ్?”

“దారానికి పసుపుకొమ్ము కట్టి మెడల ఏసుకున్న.”

“గిప్పుడు గదే చేతికి కట్టుకుంటవా? చెయ్యి ఫొటోల పడది.”

“గిట్లడిగితే ఎవరన్న తీస్తరు. ఇగో, తీసిన. జల్ది కట్టు.”

“గదువ పైకి. భుజాలు ముందటికి. ఊపిరి బిగబట్టు... అవ్వా, ఎటు చూస్తున్నవ్? కదలకు!”

“మీ తాత దిక్కు జూసిన. ఏం గాలే బిడ్డా, చాయ్ అడుగుతుండు.”