చార్జరు పీకితే

జాలరిపేటలో పెద్దకర్మ భోజనాలకు వేసిన టెంటు కింద సౌండ్‌బాక్సులు గుయ్యిమంటూనే ఉన్నాయి. మిక్సరు ముందు కూర్చున్న అతనికి ముచ్చెమటలు పోస్తున్నాయి. సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని మనిషి భార్య వచ్చి పక్కనే నిలబడింది.

“ఏటి తమ్ముడా, సెల్లులో పట్టిన ఆయన పాట ఎయ్యవా?”

“లాప్‌టాప్‌లోకి ఎక్కించినానప్పా. అది మిక్సరుకి తగిలించగానే ఈ రొద వత్తంది. ఎర్తు కడ్డీ కాడ ఉప్పునీళ్లు కూడా పోసి సూసినాను.”

“మరేటి సేత్తావ్?”

“సార్జరు పీకితే రొద పోద్ది. కానీ బేటరీ పాడైపోనాది, పీకితే లాప్‌టాపే ఆగిపోద్ది. కొత్త డిజిటల్ మిక్సరు, రొదన్నదే రాదని మీవోళ్లకి నానే మాటిచ్చినాను.”

“ఉన్నదున్నట్టు ఎయ్యి.”

అతను వేశాడు. రొద అడుగున ఎక్కడో మగగొంతు సన్నగా పలికింది.

“ఇనబడతందా అప్పా? బాగోపోతే ఆపేత్తాను.”

“ఆపకు. ఆయన పాట ఎప్పుడూ ఇలాగే ఇన్నాను. నాను ఒడ్డున నిలబడితే ముందు ఆయన బోటు ఇంజిన్ మోత వచ్చీది, ఆ మోతలోంచి పాట వచ్చీది.”

పాట అయిపోయింది. సౌండ్‌బాక్సుల్లో రొద ఒక్కటే మిగిలింది. అతను చార్జరు ప్లగ్గు మీద చెయ్యి వేసి, పీకలేక ఆమె వైపు చూశాడు.

“ఇంక తీసెయ్యనా అప్పా?”

ఆమె సముద్రం వైపు చూస్తోంది.

“ఉండనీ తమ్ముడా. మోత ఇనబడతందంటే బోటు వత్తన్నట్టే.”