మాట్లాడని మనిషి గదికి రంగు

1992 వేసవి. ఫిలింనగర్‌లో కొత్తగా కట్టిన ఇల్లు. మేడ మీద పడగ్గది ఇంకా ప్రైమర్ తెలుపులోనే ఉంది. ఇరవై రెండేళ్లుగా తెర మీది కథానాయికలకు గొంతు అరువిస్తున్న డబ్బింగ్ కళాకారిణి జ్ఞానప్రసూనాంబ కిటికీ గట్టు మీద కూర్చుని, రంగులేసే ఓదెలు చేతిలోని షేడ్ కార్డు చూస్తోంది. ఆమె భర్త చలపతిరావు కింద కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు.

“అది కాదు ఓదెలూ, దాని పక్కది.”

“గిదా అమ్మా? గిది పొద్దుగాలనే చూసిండ్రు. వద్దన్నరు.”

“వద్దన్నానా?”

“నీలం చూస్తే చలి పెడుతున్నదన్నరు.”

“అవును, నీలం వద్దు. గులాబీ?”

“గదీ వద్దన్నరు. పెండ్లోళ్లు దిగిన విడిది లెక్క ఉంటదని.”

“ఇంకేం మిగిలింది మరి?”

“గోధుమ రంగున్నది. జూబ్లీహిల్స్‌ల పెద్ద పెద్దోళ్లు ఇప్పుడు గదే ఏయిస్తుండ్రు.”

“అసలు వద్దు. డబ్బింగ్ థియేటర్లో గోడలకంతా ఆ రంగు గుడ్డే. పగలో రాత్రో తెలీకుండా దాని మధ్యనే నిలబడ్డాను ఇన్నేళ్లూ.”

“గట్లయితే గీ ఎర్రమట్టి రంగు చూడుండ్రి.”

“ఎరుపు మాటెత్తకు. అక్కడ ఎర్రలైటు వెలిగితే మాట్లాడాలి, ఆరితే నోరు మూసుకోవాలి. ఇప్పటికీ రోడ్డు మీద ఎర్రలైటు పడితే, కార్లో కూర్చునే గొంతు సవరించుకుంటాను.”

“మా ఇంటామె మీ గొంతు పట్టేస్తదమ్మా. టీవీల సినిమా వస్తే చాలు, అగో, మీ అమ్మగారు ఏడుస్తున్నది చూడు అంటది.”

“ఏడుపే గుర్తుందా? నవ్వులు కూడా చాలా చెప్పానే.”

“నవ్వు కూడ అంటది... జర గరగర అంటున్నదేందమ్మా గొంతు ఇయ్యాల?”

“దుమ్ము. గోడలకు ఉప్పుకాగితం కొట్టారుగా.”

“ఉప్పుకాగితం కొట్టి నాలుగు రోజులాయె.”

“అయితే నిన్నటి ఐస్‌క్రీం అయ్యుంటుంది. ఆ పసుపు చూపించు, ఏదీ.”

చలపతిరావు మెట్లెక్కి వచ్చాడు.

“ప్రసూనా.”

“వస్తున్నానండీ. రంగు తేలలేదు.”

“మూడున్నరయింది.”

“చూశాను.”

“ఓదెలూ, తెలుపు వేసెయ్. ఇల్లంతా తెలుపే.”

“తెలుపొద్దు. ఆస్పత్రిలా ఉంటుంది.”

“ఇప్పుడా మాటెందుకు?”

“మీరే తెచ్చారు.”

“నేను రంగు సంగతి అన్నాను. నాలుగింటికల్లా రమ్మన్నారు ప్రసూనా. రాకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.”

“ఇచ్చేసుకోనివ్వండి.”

“పోయిన వారం కర్టెన్లన్నావు. అంతకు ముందు వారం గృహప్రవేశానికి ముహూర్తం చూడాలన్నావు. ఇవాళ రంగులు.”

“సారూ, ఎవలకన్న పానం బాగలేదా?”

“ఎవరికీ ఏం లేదు. నిన్ను పసుపు చూపించమన్నాను ఓదెలూ.”

“చెప్పు ప్రసూనా. ఇతనికైనా చెప్పు.”

“మీరే చెప్పండి.”

“ఈవిడకు గొంతులో గడ్డ, ఓదెలూ. రేపు పొద్దున ఆపరేషన్. గడ్డతో పాటు... లోపల మాట పుట్టే చోటంతా తీసేస్తారట.”

“తీసేస్తరంటే?”

“అంటే ఈవిడ ఇక ఎప్పటికీ మాట్లాడలేదు.”

“చెయ్యించకపోతే?”

“చెయ్యించకపోతే ఏడాది. డాక్టరు అంతకు మించి చెప్పలేదు.”

“ఏడాది తక్కువేం కాదండీ. ఒప్పుకున్న మూడు పిక్చర్లూ పూర్తి చేస్తాను.”

“పిక్చర్లు.”

“మరేం చెయ్యమంటారు? పొద్దుటి నుంచీ అదే చూస్తున్నాను ఇక్కడ కూర్చుని. ఈ రంగు గదిలో మాట్లాడకుండా కూర్చుంటే ఎలా ఉంటుంది, ఆ రంగులో అయితే ఎలా ఉంటుంది అని. ఒక్కటీ నప్పడం లేదు. నాకు నేనే ఎవరింట్లోనో దిగబెట్టిన మనిషిలా కనిపిస్తున్నాను.”

“నేనుంటానుగా.”

“మీరుంటారు. మీరూ మాట్లాడరు. పెళ్లయిన నాటి నుంచీ మనింట్లో మాటలన్నీ నావే. మీ అమ్మగారితో, పాలవాడితో, ఇల్లు కట్టిన మేస్త్రీతో, అందరితో నేనే. అవీ పోతే ఈ ఇంట్లో ఏం వినపడుతుంది? ఫ్యానా?”

“అట్లా అనకు.”

“అబద్ధమా?”

“అమ్మా, ఒక్క మాట చెప్పొచ్చునా?”

“చెప్పు ఓదెలూ.”

“మా నాయిన సచ్చిపోయినంక మా అవ్వ మాట్లాడుడు బంద్ జేసింది. షేక్‌పేటల మా ఇంట్ల, గోడ దిక్కు మొఖం పెట్టి కూసునేది. ఎవలు పిలిచినా పలకకపోయేది. నేనప్పుడు స్టూడియోల సెట్లకు రంగులేస్తుంటి. మిగిలిన పచ్చరంగు డబ్బ ఒకటి తెచ్చి గా గోడకు ఏసిన. వరినారు పచ్చ.”

“మాట్లాడిందా?”

“లేదు.”

“మరి?”

“ఆరేండ్లు బతికింది. మాట్లాడలే. గని తెల్లారి చూస్తే గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. నన్ను గుంజుకపోయి చూపించింది, గీడ పల్చగ పడ్డది, గాడ పల్చగ పడ్డది అని. ఇంకో పూత ఎయ్యమని చెయ్యితోనే చెప్పింది.”

“నీ పనికే వంక పెట్టిందా?”

“ఔ. గప్పటిసంది దినాం ఏదో ఒకటి. కూరల ఉప్పు తక్కువ, అంగీకి గుండీ లేదు, కోడలు బొట్టు పెట్టుకోలే. అన్నీ చెయ్యితోనే. మాట లేదన్న సంగతి మేమే మర్చిపోయినం.”

“ఆవిడ మాటుండీ మాట్లాడలేదు ఓదెలూ. నాది వేరు.”

“వేరే అమ్మా. కాదంటలేను.”

“రెండో పూత వేశావా?”

“మూడేయించింది.”

“ప్రసూనా, నాలుగింటికి పది నిమిషాలే ఉంది.”

“ఆ పచ్చ ఈ కార్డులో ఉందా?”

“గీండ్ల లేదు. కలపాలె. పసుపు జర ఎక్కువ, నీలం తక్కువ. నేను కలిపి ఉంచుత, మీరొచ్చి చెప్పుండ్రి... తప్పయిందమ్మా. నోట్లెకెళ్లి వచ్చేసింది.”

“తప్పేం లేదు. కలిపి, ఆ తలుపు పక్కన చారెడు మేర వేసి ఉంచు. వచ్చి చూస్తాను.”

“మంచిదమ్మా.”

“అది ఆరగానే మిగతా గోడలు మొదలుపెట్టెయ్యకు. నేను వచ్చేదాకా ఆగు. పది రోజులైనా, పదిహేను రోజులైనా సరే.”

“నెలైనా ఆగుత.”

“ప్రసూనా... వస్తున్నావా?”

“కారు తాళాలేవి?”

“జేబులోనే ఉన్నాయి. ఆలస్యమైపోయింది, మంచం ఉంచారో లేదో.”

“దార్లో బూత్ నుంచి ఫోన్ చేసి ఇంకో గంటలో వస్తున్నామని చెప్పండి. శ్రీనగర్ కాలనీ మీదుగా చుట్టూ తిరిగి పోదాం.”

“చుట్టూ ఎందుకు?”

“దారి పొడుగునా మీరే మాట్లాడాలి.”

“నేనా? నేనేం మాట్లాడను?”

“ఏదో ఒకటి. ఇక మీదట మనింట్లో మాట్లాడే మనిషి మీరేగా, తప్పులుంటే ఇవాళే దిద్దుతాను.”